కోడిగుడ్డు మీద ఈకలు పీకడం అంటే ఏంటి, ఆ మాట మావయ్యగారితో అనొచ్చా?

మీరడిగింది క్లుప్తంగా ఇదీ కదమ్మా. పుట్టి పెరిగింది బెంగళూరు, పెళ్ళై భీమవరం వచ్చి ఎనిమిది నెలలు, తెలుగు వచ్చు గానీ ఇక్కడి మాటలు కొన్ని అందట్లేదు. భోజనాల దగ్గర మీ బావగారు మీ ఆయన్ని చూపించి "వీడికి చిన్నప్పట్నుంచీ కోడిగుడ్డు మీద ఈకలు పీకడం అలవాటేలే" అంటే అందరూ నవ్వేరు, మీరూ నవ్వేరు. తర్వాతోరం మావయ్యగారు సాంబారులో ములక్కాడ ముక్కలు పొట్టిగా తరిగేరని అంటుంటే మీరు సరదాకి "ఈకలు పీకకండి మావయ్యగారూ" అన్నారు, అంతే, ఎవరూ మాట్లాడలేదు, స్పూన్ల చప్పుడు తప్ప. అది బూతా, మరి బావగారు ఎలా అన్నారు, దాని బదులు ఏమనాలి, రాతలో వాడొచ్చా అని మీ ప్రశ్న.

సమాధానం ముందే చెప్పేస్తాను, తర్వాత తీరిగ్గా మాట్లాడుకుందాం. బూతు కాదు, కంగారు పడకండి. తప్పు లేని చోట తప్పు వెతకడం, లేదా ఎవరికీ లెక్కలోకి రానంత చిన్నదాన్ని పట్టుకుని రాద్ధాంతం చెయ్యడం, అదే కోడిగుడ్డు మీద ఈకలు పీకడం, పొట్టిగా చెప్తే ఈకలు పీకడం. బావగారు అన్నది తమ్ముణ్ణి, అందుకని నవ్వులో కలిసిపోయింది. మీరు అన్నది మావగార్ని. పీకడం అనే మాట మన కంటే పెద్దోళ్ళ మీద వెయ్యం. అంతే సంగతి.

నేనెవర్ని ఇది చెప్పడానికి అంటే, తెలుగు పండితుణ్ణి కాదు. ముప్ఫై నాలుగేళ్ళు కోనసీమలో ఓ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా చిన్న గదిలో కూర్చుని దస్తావేజులు రాసి బతికినోణ్ణి. కంప్యూటర్లు రాకముందు స్టాంపు కాయితం మీద చేత్తో రాసేం, వచ్చాక పక్కన కుర్రోణ్ణి పెట్టుకుని చెప్పి కొట్టించేను. ఈ మాట నేను పడ్డన్ని సార్లు ఏ పండితుడూ పడుండడు, ఆ అనుభవమే నా అర్హత.

గుడ్డు ఎందుకు వచ్చింది మధ్యలో అని మీకు అనుమానం రావాలి అసలు. ఈకలుండేది కోడికి. కోడికి ఈకలు పీకితే అది పని, పీకితే గానీ కూరవ్వదు, దాన్ని ఎవరూ తప్పు పట్టరు. "ఈకకి ఈక తోకకి తోక లాగేడు" అంటారు చూడండి, అంటే ఓ విషయాన్ని పూర్తిగా విడదీసి చూసేడని, అందులో కొంత మెచ్చుకోలు కూడా ఉండొచ్చు. గుడ్డు అలా కాదు, నున్నగా ఉంటుంది, దాని మీద పీకడానికి ఏమీ ఉండదు, అయినా ఒకడు కూర్చుని పీకుతున్నాడంటే ఆ ఈక వాడి బుర్రలో మొలిచిందన్నమాట. మాటలోని వెటకారం అంతా అక్కడే ఉంది.

మా బావమరిదికి తణుకు దగ్గర లేయర్ కోళ్ళ, అంటే గుడ్ల కోళ్ళ ఫారం ఉండేది. ఓసారి వాడి దగ్గర కూర్చుని ఈ సామెత అంటే నవ్వి, ముప్ఫై గుడ్ల ట్రే ఒకటి తీసి చూపించేడు, అందులో రెండు గుడ్లకి నిజంగానే చిన్న నూగు ఈక అంటుకుని ఉంది. గుడ్డు పెట్టినప్పుడు పైన తడిగా ఉంటుందంట, ఆ తడి ఆరేలోపు ఏ ఈకముక్కో తగిల్తే అంటుకుపోద్దంట. "ఇది గుడ్డుది కాదు బావా, పెట్టదానిది, పీకక్కర్లేదు, తుడిస్తే పోద్ది" అని బొటనవేలితో అలా రాసేడు, ఊడి పడిపోయింది. నాకు ఆ సామెత నిజంగా అర్థమైంది ఆ రోజే. అంటుకున్న ఈక వేరు, మొలిచిందనుకున్న ఈక వేరు. చిన్న తప్పు నిజంగా ఉంటే తుడిచేసి ఊరుకోవాలి, దాన్ని పీకుతూ నలుగుర్నీ పిలిచి చూపించేవాడే ఈకలు పీకే బాపతు.

దీనికి నేను కళ్ళారా చూసిన అచ్చమైన ఉదాహరణ మొన్న మా చుట్టాలింట్లో పెళ్ళిచూపులు. ఆడపెళ్ళివారు ఆత్రేయపురం నుంచి పూతరేకులు తెప్పించేరు, నెయ్యీ బెల్లం వేసినవి. పెళ్ళికొడుకు మేనత్త ఓ పూతరేకు తీసుకుంది, పొర కొంచెం విప్పింది, విప్పి కిటికీ వైపు పట్టుకుని వెలుతుర్లోంచి చూసింది, ఎక్సరే చూసినట్టు. చూసి, "నెయ్యి ఇటు పక్క తక్కువ పడిందమ్మా" అంది. అసలు ఆ రేకు అంటేనే బియ్యప్పిండి జావ కాలిన కుండ మీద పరిస్తే వచ్చే పొర, వెలుగుకి పెడితే అవతలి మనిషి కనపడతాడు, అందులో నెయ్యి ఎటు పక్క తక్కువో చూడ్డం ఏంటండి! 2023లో ఆ పూతరేకులకి జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకని ఇచ్చే గుర్తింపు) ఇచ్చినోళ్ళకి కూడా కనపడని లోపం ఆవిడకి కనపడింది. మా ఆవిడ నా చెవిలో "మొదలెట్టింది ఈకలు" అంది. చూసేరా, "మొదలెట్టింది ఈకలు" చాలు, గుడ్డూ అక్కర్లేదు పీకడమూ అక్కర్లేదు, ఇక్కడోళ్ళకి అర్థమైపోద్ది. (సంబంధం కుదిరింది లెండి, ఆవిడే నాలుగు పూతరేకులు తింది.)

ఇప్పుడు మీ మావయ్యగారి దగ్గరకొద్దాం. పీకడం అనే క్రియ దానంతటది తప్పేం కాదు. కలుపు పీకుతాం, మేకు పీకుతాం, పన్ను పీకించుకుంటాం. కానీ మనిషిని పట్టుకుని "ఏం పీకుతావ్", "ఏం పీకేవ్ ఇన్నాళ్ళూ" అంటే అది తిట్టు, దాని వెనకాల చెప్పకూడని మాట ఒకటి దాక్కుని ఉంటుంది, ఏంటని అడక్కండి, మీ ఆయన్ని అడగండి. ఈకలు అని ముందు తగిలిస్తే ఆ మొరటుదనం చాలా మటుకు పోతుంది, పూర్తిగా పోదు. అందుకని వయసులో చిన్నోళ్ళనీ, సమానమైనోళ్ళనీ అనొచ్చు, మనిషి ఎదురుగా లేనప్పుడు ఎవర్నైనా అనేస్తారు, మా ఆఫీసు బయట టీ కొట్టు దగ్గర పై అధికార్లని రోజూ అనేవాళ్ళం. చివర "అండి" పెట్టేం కదా అనుకుంటారు మీరు. క్రియ మొరటుదైతే అండి తగిలించినా మర్యాద రాదు. ఇంకా వెటకారం పెరుగుతుంది. మా జిల్లాల్లో తిట్టే ముందు అండి పెట్టడం పుట్టుకతో వస్తుంది, అందుకని మీ నోటెంట అది వచ్చేసరికి వాళ్ళకి సరదాలా వినపళ్ళేదు.

బదులు ఏం వాడాలి అన్నారు. ఒకే అర్థానికి దగ్గర దగ్గరగా చాలా మాటలున్నాయి, ఒక్కోటి ఒక్కో చోట పనికొస్తుంది.

వంకలు పెట్టడం మీకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడేది. వంక అంటే వంపు, నెలవంకలో ఉన్నది అదే. అదే మాటకి సాకు అనీ ("ఏదో వంకతో వచ్చేడు"), వైపు అనీ ("నా వంక చూడు") కూడా అర్థాలున్నాయి, రాయలసీమలో అయితే వాగుని వంక అంటారు. తప్పుపట్టడం అనే అర్థంలో ఎక్కువగా పెట్టడం అనే క్రియతో వస్తుంది, వంక పెట్టేడు, వంకలు పెడుతుంది, "వంక పెట్టడానికి వీల్లేదండి వంట" అంటే మెచ్చుకోలు. ఇది పెద్దోళ్ళతో నవ్వుతూ అనొచ్చు. "మీరు ఊరికే వంకలు పెడతారు మావయ్యగారూ" అంటే ఆయన కూడా నవ్వుతారు. ఓ సామెత కూడా ఉంది, వంకలేనమ్మ డొంక పట్టుకుని ఏడ్చిందంట అని. పెట్టడానికి వంకేం దొరక్క దార్లో ఉన్న డొంకని పట్టుకుని ఏడ్చిందని. మా వైపు చేలల్లో బండిదారిని పుంత అంటాం గానీ సామెతలో మాత్రం డొంకే, పుంత అంటే ప్రాస పోద్ది.

పేర్లు పెట్టడం కూడా అదే, కాకపోతే ఇది మనుషుల్నీ వంటల్నీ అనడానికే ఎక్కువ. "ఆవిడ పేరు పెట్టని కోడలు లేదు ఊళ్ళో" అంటారు. మీరు బెంగళూరు నుంచి వచ్చేరు కాబట్టి ముందే చెప్తున్నాను, మీ అత్తగారు ఫోన్లో "మా కోడలికి పేరు పెట్టడానికి లేదు" అంటే బారసాల సంగతి కాదు, మిమ్మల్ని పొగుడుతున్నారు.

రంధ్రాన్వేషణ అనేది పేపర్లోనూ సభల్లోనూ కనపడే మాట, రంధ్రం కలిపి అన్వేషణ, సవర్ణదీర్ఘ సంధి. కన్నాలు వెతకడం. పాత పండితులు ఇంకా గట్టిగా దోషైకదృక్కు అనేవారు, దోషం ఒక్కటే కనపడే చూపున్నవాడని. ఇవి భోజనాల దగ్గర వాడితే మీ మీదే నవ్వుతారు, వదిలెయ్యండి.

కొర్రీ మాత్రం మా సొంత సరుకు, కొంచెం చెప్పనివ్వండి. ఆఫీసులో ఓ కాయితం పెడితే అది వెనక్కొచ్చేలా ఏదో ఒకటి రాయడం కొర్రీ పెట్టడం, కొర్రీ వెయ్యడం. ఓ రిటైరైన పెద్దాయన మా గదికొచ్చేడు ఓసారి, ఏదో కార్యాలయంలో ఆయన కాయితాలు మూడోసారి తిప్పి పంపేరు, ఎందుకంటే ఒక దాంట్లో సత్యనారాయణ అని ఉంది, ఇంకో దాంట్లో సత్యన్నారాయణ అని ఉంది, న కింద ఒత్తు తేడా. ఆయన నా బల్ల మీద రెండు కాయితాలూ పక్కపక్కన పెట్టి, "ఈ ఇద్దర్లో నేనెవర్నండి" అని అడిగేడు. నాకు నవ్వొచ్చింది, ఆయనకి రాలేదు. ఈకకీ కొర్రీకీ తేడా ఇదే. ఈకలు పీకేవాడికి మన మీద అధికారం ఉండదు, చిరాకు పడి పోతాం. కొర్రీ పెట్టేవాడి చేతిలో మన పని ఉంటుంది.

దెప్పడం, సాధించడం వీటికి దూరం చుట్టాలు. మీ వంట తిని "కూర బ్రహ్మాండం, ఉప్పొక్కటీ పుట్టింట్లో మర్చిపోయొచ్చినట్టున్నావ్" అంటే అది దెప్పడం, తప్పు నిజంగానే ఉంది, చెప్పిన పద్ధతే గుచ్చుకుంటుంది. అదే మాట పదిరోజులు అంటూ ఉంటే సాధింపు. ఈకలు పీకడంలో పగ ఉండాలని లేదు, చాలా మందికి అది ఉత్త అలవాటు, కాలు ఊపినట్టు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ మాటని తప్పు చేసినవాడు డాలులా అడ్డం పెట్టుకుంటాడు. ఎదుటోడు నిజమైన తప్పు చూపించినా "అబ్బా ఈకలు పీకకు" అనేస్తే ఇంక వాడు నోరెత్తలేడు. నా సంగతే చెప్తాను. పన్నెండు సెంట్ల కొబ్బరితోట అమ్మకం, సెంటంటే 48.4 చదరపు గజాలు కాబట్టి మొత్తం కలిపి 580 గజాల పైమాట, పెద్ద ఆస్తేం కాదు. కొనేవాళ్ళబ్బాయి ఫోన్లో ఎక్కడిదో నమూనా చూసి తనే డ్రాఫ్ట్ కొట్టించుకొచ్చేడు, "మీరు ఓసారి చూసి సంతకం పెట్టెయ్యండి పంతులుగారూ" అని. చదివితే హద్దుల్లో ఉత్తరం: పుంత, దక్షిణం: పంటబోదె, అంటే చేలకి నీళ్ళు పారే చిన్న కాలవ, అని ఉంది. నాకెందుకో నచ్చలేదు, లింకు దస్తావేజు, అంటే ఆ తోటకి అంతకుముందున్న పాత దస్తావేజు, తెమ్మన్నాను. దానికే విసుక్కున్నాడు. 1974 నాటి కాయితం వచ్చింది, మడతల దగ్గర చిరిగిపోయి ఉంది, అందులో దక్షిణం పుంత, ఉత్తరం బోదె. తిరగబడింది. అబ్బాయితో అంటే, "తోట ఎక్కడికీ పోదు కదండి, ఉన్న చోటే ఉంటుంది, ఎందుకండి ఈకలు పీకుతారు" అన్నాడు. వాళ్ళ నాన్న కూడా తలూపేడు.

మా కుర్రోణ్ణి బండేసుకుని పొమ్మన్నాను. వాడు పుంతలో నిలబడి ఫోన్ చేసేడు, పొద్దున్న ఎండ కుడిచెంప మీద పడుతుంది, తోట ఎదురుగా ఉంది అని. అంటే వాడు ఉత్తరం వైపు తిరిగి నిల్చున్నాడు, పుంత దక్షిణానే. పాత కాయితమే కరెక్టు. డ్రాఫ్ట్ అలాగే రిజిస్టరై ఉంటే తోటలోకి దారి లేనట్టు కాయితం మీద పడిపోయేది, ఎప్పుడో పక్కోడు కంచె వేసిన రోజున తెలిసేది. సవరణ దస్తావేజు రాసుకోవచ్చు, కానీ దానికి అమ్మినాయన మళ్ళీ వచ్చి సంతకం పెట్టాలి, ఆయన పదిరోజుల్లో కువైట్ విమానం ఎక్కుతున్నాడు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలో 21వ సెక్షన్ ఉన్నదే దీనికి, ఆస్తిని గుర్తుపట్టడానికి సరిపడేలా వివరం రాయాలని. దానికి ముందు 20వ సెక్షన్, కొట్టివేతలూ దిద్దుబాట్లూ ఉంటే రాసిచ్చినవాళ్ళు వాటి పక్కన సంతకం పెట్టాలని, లేకపోతే రిజిస్ట్రారు తీసుకోకపోవచ్చని. అలాంటి చట్టం కింద బతికినోడికి చిన్న తప్పు అనేది ఉండదమ్మా. ఆ అబ్బాయి హద్దులు మార్పించుకున్నాడు గానీ థాంక్సేమీ చెప్పలేదు, ఇప్పటికీ రోడ్డు మీద కనపడితే "ఈకల పంతులుగారూ బాగున్నారా" అంటాడు. బాగున్నాననే చెప్తాను.

అయితే అదే రోజు సాయంత్రం ఏం చేసేనో కూడా చెప్పాలి, లేకపోతే అబద్ధమౌతుంది. అదే దస్తావేజు ఫైనల్ ప్రింటు తెచ్చిచ్చేడు మా కుర్రోడు. హద్దులు సరిగ్గా ఉన్నాయి, నంబరు సరిగ్గా ఉంది, చెట్లు పద్నాలుగు అని అక్షరాల్లోనూ అంకెల్లోనూ ఉంది. నేను "అక్షరాలు సన్నగా ఉన్నాయిరా, నిండుగా లేదు చూడ్డానికి" అని రెండు పేజీలూ మళ్ళీ తీయించేను. ఏడున్నరైంది, వాళ్ళమ్మ రెండుసార్లు ఫోన్ చేసింది. వాడేమీ అనలేదు, బయటికెళ్ళి బండి స్టార్ట్ చేస్తూ ఏదో గొణిగేడు, ఏమన్నాడో నాకు తెలుసు. ఆ రెండోదానికి ఆ మాట సరిగ్గా సరిపోద్ది. పొద్దున్న చూసిన కళ్ళే, సాయంత్రం చూసిన కళ్ళూ అవే, మధ్యలో తప్పు దొరికిన గర్వం నెత్తికెక్కిందంతే. తప్పులెన్నువారు తమ తప్పులెరుగరు అని వేమన ఊరికే అన్నాడా.

కాబట్టి ఎవరైనా ఈకలు పీకుతున్నాడని మీకనిపిస్తే నేను చూసుకునే లెక్క ఒకటుంది. వాడు చెప్పినట్టు మార్చేస్తే ఎవరికైనా ఏమైనా తేడా వస్తుందా? పుంత మారితే దారి మారుతుంది. అక్షరం లావైతే ఏం మారుతుంది? ఈ లెక్క ఇంట్లో పెడితే మాత్రం దెబ్బతింటారు, నేను తిన్నాను. పోయినేడు మా ఆవిడతో చారులో కొత్తిమీర కాడలు పెద్దవిగా పడ్డాయని అంటే, "ఇది దస్తావేజు కాదండి, చారు. హద్దులు చూడకుండా తాగండి" అంది.

రాతలో వాడొచ్చా అని కూడా అడిగేరు కదా. ఫేస్‌బుక్‌లో, కబుర్లలో హాయిగా వాడండి, పేపరోళ్ళు కూడా వాడుతూనే ఉంటారు. పీకడం, పీకటం రెండూ ఒకటే. ఆఫీసు మెయిల్లో మాత్రం వద్దు, అక్కడ "చిన్న చిన్న అభ్యంతరాలు" అంటే సరిపోద్ది.

చివరగా ఆ ములక్కాడ. మీకు కోపం రాకపోతే ఒక మాట, అందులో మీ మావయ్యగారి తప్పు అంతగా లేదేమో. మరీ పొట్టిగా తరిగితే చేత్తో పట్టుకుని నమలడానికి పట్టుండదు, చారు వేలి మీంచి మోచేతి దాకా కారుద్ది. అది మొలిచిన ఈక కాదు, అంటుకున్నదే. ఈసారి సాంబారు పెట్టే రోజున తరిగే ముందు "ఎంత పొడుగుండాలి మావయ్యగారూ" అని అడగండి. ఆయన వేలు చూపిస్తారు, అయిపోద్ది. మా ఇంట్లో అయితే వేలెడు, చూపుడువేలు.